గోపమ్మ మందలో మూడు వెలుగుల బ్యాట్రీ

కట్టంగూరు చుట్టుపక్కల కురుమ ఇళ్ళలో గోపమ్మను ఎరగనివాళ్ళు ఆ రోజుల్లో లేరు. ఆడమనిషి భుజాన గొంగడి వేసుకుని, చేత కర్ర పట్టుకుని, ఒక్కతే మందను తోలుకుపోతుంటే ముక్కున వేలేసుకున్నవాళ్ళు మొదట్లో చాలామందే. వేసుకోనీ! ముక్కులూ వాళ్ళవే, వేళ్ళూ వాళ్ళవే. ఆ చూపులను పట్టించుకునే మనిషి కాదు గోపమ్మ.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు ఆమె పెనిమిటి బీరన్నను మంద దగ్గరే పాము కరిచింది. పిల్లలు లేరు. దినాలు కాకముందే పాలివాళ్ళు వచ్చి, "మంద మాకప్పజెప్పి నువ్వు తల్లిగారింటికి పో" అన్నారు. గోపమ్మ లేచి నిలబడి, "మంద నాతోనే ఉంటది. మీకు కండ్లు మండితే మీరే యాడికన్న పోండ్రి" అన్నది. మొన్న మొన్న కాపురానికి వచ్చిన పిల్ల అంత మాట అంటుందని వాళ్ళు అనుకోలేదు. గొణుక్కుంటూ వెళ్ళిపోయారు.

ఆ ఏడే ఆమె తల్లి కూడా పోయింది. ఏడేళ్ళ తమ్ముడు భిక్షం దిక్కులేనివాడై అక్క దగ్గరికి చేరాడు. వాడికా పేరు ఊరికే రాలేదు. వాడికి ముందు పుట్టినవాళ్ళు పుట్టినట్టే పోతుంటే, ఆ తల్లి ఇంటింటి ముందూ కొంగు పట్టి బిచ్చమెత్తి, ఆ గింజలు వండుకు తిని వాణ్ణి కన్నది. అందుకే భిక్షం. అక్కకు మాత్రం వాడు బిచ్చం కాదు, బంగారం. జొన్నరొట్టె విరిస్తే మెత్తటి నడుమ ముక్క వాడికి, మాడిన అంచు తనకు. చలికాలం మంద దగ్గర పడుకుంటే గొంగడి వాడికి, చలిమంట తనకు.

కురుమల్లో మారుమనువు తప్పేం కాదు. మంచి సంబంధాలే వచ్చాయి. వచ్చిన ప్రతివాడితోనూ గోపమ్మ ఒకే మాట అన్నది: "మరి మా పోరన్ని ఎవరు సాకాలె?" వాళ్ళు నసిగారు. ఆమె తలుపు వేసుకున్నది. అలా ఆమె వయసంతా మంద వెనకా తమ్ముడి వెనకా నడిచిపోయింది. "నాకు గీ లోకంల రెండే ఉన్నయి. ఒకటి మంద, ఒకటి తమ్ముడు. మంద బతికిస్తది, తమ్ముడు కొరివి పెడ్తడు" అనేది. అంత గట్టిగా నమ్మింది పిచ్చిది.

మూడో మనిషి కూడా ఉన్నాడు లెండి. బక్కయ్య. బీరన్న ఉన్ననాటి నుంచీ ఆ ఇంట్లో జీతానికి ఉన్న ముసలి గొర్లకాపరి. గోపమ్మ అతన్ని మామా అని పిలిచేది, అతను ఆమెను బిడ్డా అనేవాడు. పీలమనిషి, పెద్ద గొంతు. మంచి మాట చెప్పినా తిట్టినట్టే ఉండేది.

కోతలయ్యాక రైతులు వచ్చి, మా చేన్లో మంద పెట్టండని బతిమాలేవాళ్ళు. రాత్రిళ్ళు గొర్రెలు పడుకుంటే ఆ పెంటకూ మూత్రానికీ చేను బలపడుతుంది, కాపరులకు జొన్నలు దొరుకుతాయి. ముళ్ళకంప చుట్టూ నాటి, నడుమ మందను పెట్టి, పసి గొర్రెపిల్లలను గంపల కింద మూసిపెట్టేవాళ్ళు. బక్కయ్య ఒకనాడు, భిక్షం ఒకనాడు కావలి పడుకునేవాళ్ళు. తెల్లవారుజామున కోడి కూయగానే గంపలు లేపి, ఏ పిల్లను ఆ తల్లి దగ్గరికి వదలడం రోజూ జరిగే పని. గోపమ్మ ఇంటి నుంచి ఆ వేళకు వచ్చేది.

కందీలు ఉన్నన్నాళ్ళూ గాలికి ఆరిపోయి ఆ పని నానా అవస్థగా ఉండేది. తర్వాత గోపమ్మ నల్లగొండ అంగడిలో ఒక బ్యాట్రీ లైటు కొన్నది. ఒకటే మీట. ముందుకు నెడితే భగ్గుమని వెలుగు, వెనక్కి లాగితే చీకటి. అంతే దాని విద్య. కానీ బక్కయ్య ఆ విద్యతోనే మందకు ఒక అలవాటు చేశాడు. బ్యాట్రీ వేయగానే గంప లేపేవాడు. వెలుగు పడిందంటే పాలవేళ అయిందని పిల్లలకూ తెలిసిపోయింది, తల్లులకూ తెలిసిపోయింది. కొన్నాళ్ళకు ఏ వేళప్పుడు ఎవడు వెలుగు వేసినా మందంతా లేచి ఒక్కటే అరుపు. చచ్చినవాడు కూడా లేచి కూర్చోవాల్సిందే.

"గింక దొంగేం జేస్తడే బిడ్డా? గుడ్డి చీకట్ల వాడు మందల ఏం ఏరుకుంటడు? వెలుగు ఏసిండా, గొర్లే వాన్ని పట్టిస్తయి" అని బక్కయ్య మురిసిపోయేవాడు. కంటినిండా నిద్రపోయేవాడు కూడా.

భిక్షానికి మీసాలొచ్చాయి. చిట్యాల అవతల ఊరి పిల్ల లక్ష్మీనర్సమ్మతో గోపమ్మ ఘనంగా లగ్గం చేసింది. మరుసటి ఏడు, నార్కట్‌పల్లి అడ్డరోడ్డు మీద తరచూ ఆగే లారీ డ్రైవరొకడి దగ్గర భిక్షం ఒక బ్యాట్రీ చూశాడు. ఇక వాడికి అన్నం సయించలేదు. అక్క చుట్టూ పసిపిల్లాడిలా తిరిగాడు. గోపమ్మ రెండు రోజులు తిట్టి, మూడో రోజు బలిసిన పొట్టేలును డ్రైవర్‌కు ఇచ్చి ఆ బ్యాట్రీ తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది. తన చేతులతో తానే పెట్టింది. ఆ సంగతి తలుచుకుంటే నాకే ఒళ్ళు మండుతుంది.

ఆ సాయంత్రం మంద దగ్గర పెద్ద రచ్చ. బక్కయ్య ఆ వస్తువును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏందిరా గిది, గింత బరువున్నది?"

"మూడు తీర్ల వెలుగుతది తాతా!" అన్నాడు భిక్షం. "ఒక మెట్టు నూకితే చిన్న వెలుగు. ఇంకో మెట్టు నూకితే పెద్ద వెలుగు. గీ బుడిపె ఒత్తితే టక్కుటక్కున కొట్టుకుంటది. మిల్ట్రీ బ్యాట్రీ!"

"కొట్టుకునుడేందిరా? మూర్ఛరోగమా దానికి?"

"నీకేం తెల్సు తాతా. దూరంగ ఉన్నోళ్ళకు సైగ జేసుడు గది."

"సరే, పెద్ద వెలుగైతే తోడేలుకు. కొట్టుకునేదైతే సైగకు. మరి గా చిన్న వెలుగెందుకు?"

"సెల్లు జల్ది ఖరాబ్ గావు. కాళ్ళకాడికి కనవడితే సాలదా?"

"కాళ్ళకాడికైతే కందీలుండె గద!" బక్కయ్య గొంతు పెంచాడు. "బ్యాట్రీ అంటే వెలిగితే వెలగాలె, ఆరితే ఆరాలె. నడుమ గీ గుడ్డి వెలుగేంది? గొర్రెకు తెల్వకుంట మందల దిరిగే పని ఎవనికున్నదిరా?"

గోపమ్మ పగలబడి నవ్వింది. "నీది ఒంటికన్ను బ్యాట్రీ మామా, వానిది మూడు కండ్లది. మీరిద్దరు కలిసి మందను నిద్రవోనియ్యరు ఇగ" అన్నది. భిక్షమూ నవ్వాడు. బక్కయ్య ఒక్కడే నవ్వలేదు. అతను దేనికీ తొందరగా నవ్వేవాడు కాదు కనుక ఎవరూ పట్టించుకోలేదు.

వాన పడి తగ్గిన రోజుల్లో మొదటిసారి ఒక గొర్రె కనబడలేదు. తోడేలనుకున్నారు. తోడేలైతే నెత్తుటి చుక్కైనా ఉండాలి, కంప చెదరాలి. ఏమీ లేదు. కొన్నాళ్ళకు మరొకటి, పిల్లతో సహా. ఆ తర్వాత ఇంకోటి. అన్నీ మంచి ఈడు మీదున్న తల్లిగొర్రెలే. ఏరి ఏరి పట్టుకుపోయినట్టు పోతున్నాయి. మందకు కాపలా ఉండే కుక్క మొరగలేదు, మంద అరవలేదు. పైగా పోయిన ప్రతిసారీ బక్కయ్య కావలి ఉన్న రాత్రే.

"నీకు సప్పుడు గూడ ఇనరాలేదా మామా?" అని గోపమ్మ అడిగింది.

"ఇనవడితే లేవనా బిడ్డా? గొర్లు అరువనే లేదు. అరువంది నేనెట్ల లేస్త?" అన్నాడు బక్కయ్య బిక్కమొగం వేసుకుని.

భిక్షం అక్కడే కూర్చుని కర్రను చెక్కుకుంటున్నాడు. తల ఎత్తకుండా, "కుక్క మొరగలే, గొర్లు అరువలే అంటే, పరాయోడు రాలేదనే గద అక్కా" అన్నాడు. ఆ ముక్క అని ఊరుకున్నాడు. ఎంత తెలివి చూడండి! ఎవరి పేరూ ఎత్తలేదు, ఎవరినీ వేలెత్తి చూపలేదు. విత్తనం వేసి చేతులు దులుపుకున్నాడు.

విత్తనం మొలిచింది. కులంలో మాట పుట్టింది. పెద్దమనిషి యాదయ్య బక్కయ్యను బీరప్ప గుడి ముందుకు పిలిపించాడు. దేవుడి పసుపు బండారి ముట్టి అబద్ధమాడినవాడు బాగుపడడని కురుమల నమ్మకం. బక్కయ్య తలస్నానం చేసి వచ్చి, బండారిలో చెయ్యి పెట్టి, "గోపమ్మ గొర్రె వెంట్రుక గూడ నేను ముట్టలె" అన్నాడు. అందరూ సరేనన్నారు. గోపమ్మ కూడా, "పోనీ మామా, మనసుల వెట్టుకోకు" అన్నది.

పక్షం తిరగలేదు. బక్కయ్య కావలి రాత్రే మరో రెండు గొర్రెలు పోయాయి.

ఆ పొద్దున గోపమ్మకు దుఃఖమూ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. గొర్రెలు పోయినందుకు కాదు, దేవుడి మీద చెయ్యి పెట్టి మోసం చేశాడని. నలుగురూ చూస్తుండగా బక్కయ్య ఎదుట నిలబడి, "నా మొగడు నిన్ను పెద్దదిక్కులెక్క జూసిండు. నేను తండ్రిలెక్క జూసిన. ఆఖరికి బండారి మీద గూడ అబద్ధమాడితివా? నా మందల నుంచి నడువు" అన్నది. కాపరికి ఏటేటా యజమాని ఇచ్చే గొంగడి ఒకటి అతని భుజాన ఉంది. దాన్ని గుంజుకున్నది. కురుమ కాపరి భుజం మీది గొంగడి గుంజుకోవడమంటే వాడిక ఏ మందకూ పనికిరాడని పది ఊళ్ళకు చాటినట్టే. బక్కయ్య నోరు తెరిచాడు, ఒకసారి భిక్షం వైపు చూశాడు, మళ్ళీ మూసుకున్నాడు. ఉత్త భుజంతో సడక్ దిక్కు నడిచి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మందలో ఒక్క గొర్రె పోలేదు. దానితో ఎవరికీ అనుమానమే లేకుండా పోయింది. "జూసినవా, గా ముసలోడు వోయిండు, దొంగతనం వోయింది" అని ఊరంతా అన్నది. భిక్షం అక్కకు ధైర్యం చెప్పాడు. "నేనున్నగదనే అక్కా" అన్నాడు. గోపమ్మ తమ్ముడి తల నిమిరింది.

నాలుగైదు నెలలకు, ఒకనాడు భిక్షం అత్తగారింట్లో ఏదో పండుగని భార్యను వెంటబెట్టుకుని పొద్దున్నే బస్సెక్కి చిట్యాల పోయాడు. బ్యాట్రీ మంద దగ్గరే మరిచాడు. ఆ రాత్రి గోపమ్మే మంద దగ్గర కావలి పడుకుని, కోడి కూసే వేళకు లేస్తే తన బ్యాట్రీ వెలగలేదు, సెల్లు అయిపోయాయి. భిక్షం మంచం మీదున్న బ్యాట్రీ తీసుకుని మీట నెట్టింది. ఆమె ఎప్పుడూ దాన్ని వాడి ఎరగదు. సన్నటి పసుపు వెలుగు కాళ్ళ ముందు పడింది.

ఆ వెలుగుతోనే కంప జరిపి లోపలికి నడిచింది. గొర్రెలు పడుకున్నవి పడుకున్నట్టే ఉన్నాయి. రోజూ ఈ వేళకు మే మే అని మీద పడేవి, ఇవాళ ఒక్కటి తల ఎత్తలేదు. వీటికేమైనా జబ్బు చేసిందా అని గోపమ్మ గుండె జారిపోయింది. వంగి ఒక గొర్రె ముట్టె తడిమింది. చల్లగా, ఆరోగ్యంగానే ఉంది. గంప లేపి ఒక పిల్లను చంకకెత్తుకున్నది. అది కళ్ళు తెరిచి మళ్ళీ మూసుకున్నది. పక్కనే పడుకున్న దాని తల్లి నెమరు కూడా ఆపలేదు.

గోపమ్మ మీటను ఇంకో మెట్టు నెట్టింది. భగ్గున తెల్లటి వెలుగు. మందంతా ఒక్కసారి లేచింది. తల్లులూ పిల్లలూ గగ్గోలు పెట్టాయి. మీట వెనక్కి లాగింది. పసుపు వెలుగు. అరుపులు మెల్లగా సద్దుమణిగాయి.

గోపమ్మ ఆ పిల్లను పట్టుకుని అక్కడే కూలబడింది. బక్కయ్య మామ అడిగిన మాట చెవిలో గంటలా మోగింది: గొర్రెకు తెల్వకుంట మందల దిరిగే పని ఎవనికున్నది? ఆ ఊళ్ళో అటువంటి బ్యాట్రీ ఇంకొకటి లేదు. కుక్క మొరగని మనిషి ఇద్దరే. ఒకడిని వెళ్ళగొట్టింది. రెండోవాడు...

ఆ రెండోవాడి పేరు ఆమె మనసులో కూడా అనుకోలేకపోయింది. తెల్లవారేదాకా పిచ్చిదానిలా ఆ మీటను ముందుకూ వెనక్కూ నెడుతూ కూర్చుంది. కాదు, ఇంకేదో కారణం ఉంటుంది, వాడు నా చేతుల్లో పెరిగినవాడు అనుకున్నది. ఏ బ్యాట్రీ మంచిదని ఇప్పుడెవరైనా అడిగితే భిక్షం వాదనే నెగ్గుతుంది. మూడు వెలుగులదే మేలు, నిజమే. ఎవరికి మేలన్నదే అసలు సంగతి.

పొద్దెక్కాక మందను పక్కింటి కురుమలకు అప్పగించి, గోపమ్మ చిట్యాల బస్సెక్కింది. దిగి తమ్ముడి అత్తవారి ఊరికి నడిచింది. ఊరి బయట బీట్లో ఒక చిన్న మంద మేస్తున్నది. లక్ష్మీనర్సమ్మ దాన్ని కాస్తున్నది. ఆడబిడ్డను చూడగానే ఆ పిల్ల మొహం పాలిపోయింది. "వదినా, మా తల్లిగారి గొర్లు..." అని ఏదో మొదలుపెట్టి మింగేసింది.

బీరన్న ఇంటి గొర్రెలకు ఎడమ చెవి చీల్చి గుర్తు పెట్టడం తాతల నాటి ఆనవాయితీ. గోపమ్మ దగ్గరికి వెళ్ళి చూసింది. ఆ మందలో గొర్రెలకు చీల్చిన చెవి లేదు. ఎడమ చెవిని సగానికి సగం కోసేశారు. పుండ్లు మాని, అంచులు మొద్దుబారి ఉన్నాయి. గుర్తు పోవాలని చెవులే తీసేశారు.

నోటి దగ్గర చెయ్యి పెట్టుకుని, రోజూ పిలిచే పిలుపు పిలిచింది. మేత వదిలేసి, లక్ష్మీనర్సమ్మను తోసుకుని, ఆ గొర్రెలన్నీ పరుగెత్తుకుంటూ వచ్చి గోపమ్మ కాళ్ళ చుట్టూ చేరాయి. కోసిన చెవులతో కూడా ఆ గొంతును గుర్తుపట్టాయి. గోపమ్మ వాటి నడుమ నిలబడి బోరున ఏడ్చింది.

ఆ ఏడుపు విని భిక్షం ఇంట్లో నుంచి ఉరికొచ్చాడు. అక్కను చూశాడు, గొర్రెలను చూశాడు, ఇక దాచడానికి ఏమీ లేదని అర్థమైంది.

"ఎందుకురా?" అన్నది గోపమ్మ. "నన్నడిగితే ఇయ్యకపోదునా? సగం మంద తీస్కపో అంటే కాదందునా?"

"ఇస్తవు. నాకెరుకే" అన్నాడు భిక్షం. వాడి కళ్ళలో నీళ్ళు లేవు. "ఇచ్చినంక గవి నా గొర్లెట్లయితయే అక్కా? అక్క ఇచ్చినయంటరు. నా లగ్గం అక్క జేసింది. నా బ్యాట్రీ అక్క కొనిచ్చింది. నా పేరే బిచ్చం. సచ్చేదాక నేను నీ చేతి కూడు తిన్నోన్నేనా? నాకంటూ ఒక మంద ఉండాలనుకున్న."

"మరి బక్కయ్య మామ ఏం జేసిండురా నిన్ను? గాయన వంతు నాడే ఎందుకు తీసినవ్?"

భిక్షం కాలితో మట్టి గీశాడు. చెవి కోసినప్పుడు కూడా వాడి చెయ్యి వణికి ఉండదని గోపమ్మకు అప్పుడే అనిపించింది. గొర్రెలను అక్కడే వదిలేసి వెనుతిరిగింది. అవి కొంతదూరం వెంటబడి, లక్ష్మీనర్సమ్మ కర్ర అడ్డం పెడితే ఆగిపోయాయి.

నార్కట్‌పల్లిలో దిగింది. బక్కయ్య అక్కడే కూతురి దగ్గర ఉంటున్నాడని ఎవరో చెప్పగా విని ఉంది. ఏ మందలోనూ పని దొరకక, లారీలు ఆగే హోటల్‌కు బావి నుంచి కావడితో నీళ్ళు మోస్తున్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ గొర్రెల వెంట నడిచిన మనిషి! గోపమ్మ అతని ఎదుట నిలబడింది.

"మామా, భిక్షం తీసిండు" అన్నది.

"నాకెరుకే" అన్నాడు బక్కయ్య కావడి దించకుండానే. "ఆఖరునాటి రాత్రి గా చిన్న వెలుగు మందల తిరుగుతుంటే జూసిన. పోరడు గొర్లను జూసుకుంటుండు, మంచిదే అనుకొని మల్ల పండుకున్న. తెల్లారి గొర్రె పోయిందన్నంక సమజయింది."

"మరి గప్పుడే ఎందుకు జెప్పలే మామా?"

"జెప్తే ఇందువా?" ముసలివాడి గొంతు మొదటిసారి చిన్నదైపోయింది. "దేవుని బండారి ముట్టి జెప్తేనే నమ్మకపోతివి. నీ తమ్ముని మీద జెప్తే నమ్ముదువా? వాడు నీ గొర్లెత్కపోయిండు, గంతే. నన్ను దొంగను జేసింది మాత్రం నువ్వు బిడ్డా."

గోపమ్మ అతని కాళ్ళు పట్టుకోబోయింది. అతను రెండడుగులు వెనక్కి వేశాడు. "నీ మందకు నేను రాను. నాకేం ఇయ్యద్దు. కులంల నా మీద వడ్డ మాట ఒక్కటి తీసెయ్యి. మనుమరాలికి లగ్గం కావాలె. దొంగ మనుమరాలని ఎవ్వరు వస్తలేరు" అని, నీళ్ళు మొయ్యడానికి వెళ్ళిపోయాడు.

బస్సులో తిరిగి వస్తూ గోపమ్మ ఆలోచించింది. బక్కయ్య మీది మాట తీసేయాలంటే భిక్షం మీద వెయ్యాలి. భిక్షం దొంగని తేలితే కులం వెలేస్తుంది, అక్కా తమ్ముళ్ళ మధ్య ఇక నీళ్ళు నిప్పులు ఉండవు. రేపు తాను పోతే కొరివి పట్టేవాడు ఉండడు. నోరు మూసుకుంటే తమ్ముడు మిగులుతాడు, ముసలివాడు దొంగగానే చస్తాడు. ఏది చేసినా ఒకరిని నరికినట్టే. ఆ రాత్రి ఆమె ముద్ద ముట్టలేదు.

రెండు రోజులకు కులం కూర్చున్నది. బక్కయ్య వచ్చి ఒక మూలన నిలుచున్నాడు. భిక్షాన్ని చిట్యాల నుంచి పిలిపించారు. యాదయ్య, "చెప్పు గోపమ్మా, కులాన్ని కూసుండవెట్టినవ్ గద" అన్నాడు. గోపమ్మ లేచింది. ఇంకా నోరు తెరవనేలేదు, భిక్షం ముందుకొచ్చాడు.

"పెద్దమనుషులు నన్ను మన్నించాలె. మా అత్తగారూర్ల ఉన్న గొర్లు అక్కయే. అక్కనే ఇచ్చింది. పాలివాళ్ళు ఏమన్నంటరని చాటుకు ఇచ్చింది. తమ్మునికి అక్క గొర్లిచ్చుడు తప్పా?"

చూశారా! అక్క ఇచ్చిన గొర్రెలు వద్దనుకుని దొంగతనానికి దిగినవాడు, పట్టుబడేసరికి అక్క ఇచ్చిందనే చాటుకే దూరాడు. ఆ మాటతో తాను కడిగిన ముత్యం, బక్కయ్య దొంగకు దొంగే, గోపమ్మేమో పాలివాళ్ళకు తెలియకుండా గొర్రెలు దాటించిన మాయలాడి. గొర్రెలు పోయిన రోజున కూడా ఆమెకు ఇంత దెబ్బ తగల్లేదు.

భిక్షం ఆమె దిక్కు చూస్తున్నాడు. ఏడేళ్ళప్పుడు ముల్లు గుచ్చుకుంటే చూసిన చూపే. ఆ చూపుకు ఆమె ఎన్నిసార్లు కరిగిపోయిందో వాడికి తెలుసు. యాదయ్య అడిగాడు: "ఇచ్చినవా గోపమ్మా? అవునంటే ఇంతటితోని ఐపాయె."

"ఇయ్యలె" అన్నది గోపమ్మ. అందరి వైపూ తిరిగి మళ్ళీ అన్నది. "నేనొక్కటి గూడ ఇయ్యలె. వాడు ఎత్కపోయిండు. బక్కయ్య మామ సొక్కమైన మనిషి. నేనే కండ్లు మూసుకపోయి గాయన నెత్తిన ఏసిన. తప్పు నాది, దొంగతనం భిక్షానిది."

తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. భిక్షానికి వెలి పడింది. బక్కయ్య మీది మాట కొట్టేశామని యాదయ్య గట్టిగా చెప్పాడు. బక్కయ్య తలపాగా సర్దుకుని, అందరికీ ఒక దండం పెట్టి, గోపమ్మ దిక్కు చూడకుండానే బస్సు కోసం సడక్ మీదికి నడిచాడు. ఆమె పిలవలేదు. ఏ మొహం పెట్టుకుని పిలుస్తుంది?

జనం లేచి వెళ్ళాక భిక్షం అక్క దగ్గరికి వచ్చాడు.

"నువ్వు ఒక్క మాట అంటే ఐపోతుండె. పరాయోని కోసం నన్ను బజార్ల నిలవెట్టినవ్. నీకు నేను తప్ప ఎవరున్నరే అక్కా?"

గోపమ్మ వాడి మొహంలోకి చూసింది.

"ఎవ్వరు లేరురా" అన్నది. "గందుకే తండ్రిలెక్క ఉన్నోన్ని అనుమానించిన గని, నిన్ను అనుమానించలె."

అంతే అన్నది. గొర్రెలకు నీళ్ళవేళ దాటిపోతున్నదని కర్ర తీసుకుని మంద దగ్గరికి వెళ్ళింది.